సంచార నాటక సమాజములు: మకాము ముగియు వేళ

కలకత్తా నగరమునకు ఎదురుగా, హుగ్లీ నదికి పడమటి ఒడ్డున, హౌరా జిల్లాలో షాలిమార్ రైలు స్టేషను ఉన్నది. చిరకాలము అది బెంగాల్-నాగపూర్ రైల్వేవారి సరకుల యార్డుగానే పేరొందినది. ప్రయాణికుల బండ్లు అచ్చటనుండి బయలుదేరుట ఇటీవలి మాట. నేడు చెన్నైకి పోవు కోరమండల్ ఎక్స్‌ప్రెస్ అచ్చటనే బయలుదేరి విశాఖపట్టణము, రాజమహేంద్రవరము, విజయవాడల మీదుగా సాగిపోవుచున్నది. షాలిమార్‌నుండి నది దాటి ఉత్తరముగా పోయినచో చిత్పూరు వీధి వచ్చును. వంగదేశపు జాత్రా సమాజముల కార్యాలయములు ఆ వీధిలోనివే. ఈ విధముగా షాలిమార్‌నుండి ఒక దారి జాత్రావారి ముంగిటికిని, మరియొక దారి తెలుగు సీమలో సురభివారు డేరాలు వేసిన పట్టణములకును పోవుచున్నది. రెండు సంచార నాటక సంప్రదాయములను ప్రక్కప్రక్కన ఉంచి చూడగోరువారికి ఇది అనువైన చోటు.

నాటక సమాజములు ఎట్లు పుట్టినవో, ఎవరెవరు ఏ పాత్రలు ధరించిరో తెలుపు గ్రంథములు మనకు కొన్ని కలవు. కాని సమాజము ఒక ఊరిలో చాలించుకొని పోవునప్పుడు ఏమి జరుగును? నటునికి ఒప్పుకొన్న పని తీరవచ్చినప్పుడు అతని గతి యేమి? ఈ ప్రశ్నలకు తగినంత చర్చ జరుగలేదు. ఇది చిన్న ప్రశ్న కాదు. సంచార వృత్తిలో ముగింపు ఏ రీతిగా వచ్చునో దానినిబట్టియే ఆ వృత్తి నిలుచునో నిలువదో తేలును. ఈ వ్యాసమున ఆ విషయమును కొంత విశదీకరింప యత్నింతును.

1. కొన్ని మాటలు

మొదట మాటలను పరిశీలింతము. సంచార నాటకమువారు వాడు ‘మకాము’ అను పదము అరబ్బీనుండి వచ్చినది. నిలుచు చోటు అని దాని యర్థము. ‘మజిలీ’ అనునదియు అట్టిదే; ప్రయాణములో దిగు చోటు. నిరంతరము తిరుగువారు తిరుగుటకు కాక నిలుచుటకే పేర్లు పెట్టుకొనుట గమనింపదగినది. తిరుగుట వారికి నిత్యము, నిలుచుటయే విశేషము.

‘బయానా’ అను మాటయు ఇట్టిదే. పొలము కొనునప్పుడును, మేళము కుదుర్చుకొనునప్పుడును ముందుగా చేతిలో పెట్టు సొమ్ము మనకు బయానా. వంగభాషలో అదియే ‘బాయ్‌నా’. జాత్రాను పిలిపించు గ్రామస్థులు చిత్పూరులో ఇచ్చు ముందు సొమ్మును ఆ మాటతోనే వ్యవహరింతురు. ఇక ‘జాత్రా’ అను పేరు మన జాతరకు తోబుట్టువు; రెండును సంస్కృతపు ‘యాత్ర’నుండి పుట్టినవే. తెలుగున అది దేవర ఉత్సవమైనది. వంగమున ఉత్సవములో ఆడు నాటకమైనది.

2. జాత్రా: ఏడాదికి ఒక ముగింపు

జాత్రా సమాజమువారి పని పంచాంగమునుబట్టి నడచును. ఆషాఢ శుద్ధ విదియనాడు, అనగా జగన్నాథుని రథయాత్రనాడు, చిత్పూరు కార్యాలయములు కొత్త యేటి నాటకములను ప్రకటించును. ఆనాడు వార్తాపత్రికలలో జాత్రా ప్రకటనలు నిండియుండును. ఊళ్ళనుండి వచ్చినవారు బయానాలు ఇచ్చి రాత్రులు ఖాయము చేసికొందురు. ప్రదర్శనలు దుర్గాపూజ వేళ ఆరంభమై, శీతకాలమంతయు సాగి, జ్యేష్ఠములో వానలు పట్టువరకు జరుగును. వానలు పడిన పిమ్మట బయలు ప్రదేశములలో ఆడుట సాధ్యము కాదు. కావున ఆ యేటి పని అంతటితో సరి.

జాత్రావారి రంగస్థలమునకు తెరలు లేవు. నాలుగు వైపుల ప్రేక్షకులు కూర్చుండ నడుమ వేదికపై ఆడుదురు. అందుచే వారి సామాను తక్కువ. ఉడుపుల పెట్టెలు, వాద్యములు, దీపములు బస్సులో వేసికొని రాత్రికొక ఊరు చొప్పున తిరుగుదురు. ఒక ఊరిలో వారాల తరబడి నిలుచుట లేదు. కనుక జాత్రా నటునికి ఊరి ముగింపు ఒక రాత్రి మాట. అతనికి నిజమైన ముగింపు రుతువు చివర వచ్చును. జ్యేష్ఠములో ఒప్పందము తీరును. రథయాత్రలోపల కొత్త ఒప్పందము కుదురవలెను. పేరుగల నటులు ఈ వారములలోనే ఒక సమాజమును విడిచి మరియొకదానిలో చేరుదురు. పేరు లేనివారు ఎదురుచూతురు. ముగింపునకును ఆరంభమునకును నడుమగల ఈ కొద్ది వారములే నటుని భవిష్యత్తును నిర్ణయించును.

ఆ నడుమ కాలములో ఒప్పందము కుదురనివాని యవస్థకు ప్రసిద్ధమైన ఉదాహరణము కలదు. చపల భాదుడి అను నటుడు ‘చపల రాణి’ అను పేర జాత్రాలో స్త్రీ పాత్రలు ధరించి కీర్తి గాంచెను. తరువాతి దశాబ్దములలో జాత్రాలోనికి నటీమణులు ఎక్కువగా రాగా, స్త్రీ వేషధారులకు చోటు తగ్గిపోయెను. ఆయనయు ఆ వృత్తిని విడువవలసి వచ్చినది. పిమ్మట శీతలాదేవి కథాగానములో దేవి వేషము ధరించి జీవించెను. ఆయన జీవితముపై 1999లో ఒక చిత్రము వెలువడినది. ఆయన ప్రతిభ తగ్గినదని కాదు. రుతువు ముగిసినది, మరుసటి రుతువునకు పిలుపు రాలేదు. ఒప్పందపు వృత్తిలో నటుని తొలగింపు చాల సందర్భములలో ఈ రీతిగానే జరుగును. ‘పొమ్ము’ అని ఎవరును చెప్పరు. ‘రమ్ము’ అనుట మానుదురు.

మన రంగస్థలముమీదను పురుషులు స్త్రీ పాత్రలు ధరించిన కాలము దీర్ఘమైనది. స్థానం నరసింహారావు (1902-1971) సత్యభామ, చిత్రాంగి మున్నగు పాత్రలతో తెలుగు దేశమును ముగ్ధము చేసి, 1956లో పద్మశ్రీ బిరుదము నందెను. అట్టి గౌరవము అందరికిని దక్కునది కాదు.

3. కంట్రాక్టు నాటకము: రాత్రికి ఒక ముగింపు

తెలుగు సీమలో ఇరువదవ శతాబ్ది రెండవ పాదమునుండి ‘కంట్రాక్టు నాటకములు’ ప్రబలినవి. కంట్రాక్టరు ఒకడు వేర్వేరు ఊళ్ళనుండి పేరొందిన నటులను ఒక రాత్రికి పిలిపించును. తిరుపతి వేంకట కవుల ఉద్యోగ విజయములందలి రాయబార ఘట్టమునకు ఒకే రాత్రి ఇద్దరు ముగ్గురు కృష్ణులు రంగమెక్కుటయు ఈ పద్ధతి ఫలమే. ప్రేక్షకులకు ఇష్టమైన కంఠములన్నియు ఒక టిక్కెట్టుతో వినబడెడివి. నటునికి రాత్రి లెక్కన సొమ్ము ముట్టెడిది.

ఇందు సమాజము అనునదే లేదు. కలిసి సాధన చేయుట లేదు. కలిసి వండుకొనుట లేదు. తెల్లవారుజామున మంగళము పాడిన పిదప ఎవరి దారి వారిది. ఎవరి రైలు వారిది. సొమ్ము విషయమున పేరుగల నటునికి ఇది లాభకరమే. కాని నాటకమును మొత్తముగా కాపాడు బాధ్యత ఎవరిదియు కాకపోయెను. ఒక రాత్రికి చేరి ఆ రాత్రికే విడిపోవువారు పద్యములను కాపాడగలిగిరిగాని, రంగపు అమరికను, తెరలను, చిన్న పాత్రలను కాపాడలేకపోయిరి.

4. సురభి: మకాము తీరును, పని తీరదు

ఇందులకు పూర్తిగా భిన్నమైనది సురభి పద్ధతి. తోలుబొమ్మలాట వృత్తిగాగల ఆరె మరాఠీ కుటుంబములవారు 1885లో కడప జిల్లా సురభి గ్రామమున ‘కీచకవధ’ ఆడుటతో ఈ చరిత్ర మొదలయ్యెను. వనారస గోవిందరావు దీనికి మూలపురుషుడు. ‘శ్రీ శారదా మనోవినోదినీ సంగీత నాటక సభ’ అనునది వారి తొలి సమాజము. కుటుంబము పెరిగినకొలది సమాజము చీలుచు, ఒక దశలో ముప్పదికి పైగా సమాజములు తెలుగు నేలపై తిరిగినవి. స్త్రీ పాత్రలను స్త్రీలే ధరించుట వీరిలో మొదటినుండియు వచ్చిన ఆచారము. తెలుగు టాకీ చిత్రములలో మొదటిదగు ‘భక్త ప్రహ్లాద’లో (1932) లీలావతిగా నటించిన సురభి కమలాబాయి ఈ కుటుంబముల బిడ్డయే.

సురభివారి సామాను జాత్రావారి సామానువలె తేలికైనది కాదు. చుట్టలు చుట్టిన చిత్రపు తెరలు, ప్రక్క తెరలు, కప్పీలు, ఇనుప తీగలు, గాలిలో ఎగురు ఘటోత్కచునికి వలయు సాధనములు, ఉడుపుల పెట్టెలు, రేకులు, గుంజలు, బల్లలు, వంట పాత్రలు, పసిపిల్లల ఊయెలలు - ఇవన్నియు సమాజముతో కదలవలెను. ఇంత సామాను దింపి రంగశాల కట్టినవారు ఒక రాత్రికి కాదు, వారములకు, నెలలకు నిలుతురు. పూర్వము ఎడ్ల బండ్లమీద, పిమ్మట రైళ్ళమీద, లారీలమీద వారి ప్రయాణములు సాగినవి.

ఇట్టి మకాము తీరవచ్చినప్పుడు జరుగు పనులకు ఒక క్రమము ఉన్నది. ముందుగా వసూళ్ళు చెప్పును. ఊరిలో చూడదలచినవారు అందరును ఒకసారి చూచిన పిమ్మట నేల టిక్కెట్టువారు తగ్గుదురు. అప్పుడు సమాజపు పెద్ద ఒక నమ్మకస్థుని ముందుగా పై ఊరికి పంపును. అతడు అచ్చట ఖాళీ స్థలము చూచి, అనుమతులు సంపాదించి, నీటికిని దీపములకును ఏర్పాటు చేసి రావలెను. ఈలోపల ఇచ్చట ‘కడపటి ప్రదర్శనలు’ అని చాటింపు వేయుదురు. ఆ మాట వినగానే మరల జనము వత్తురు. అందుచే చివరి రాత్రులకు మాయాబజారువంటి జనాదరణగల నాటకమును దాచియుంచుట అనుభవజ్ఞుల పద్ధతి. చివరి వసూలుతో పచారీ కొట్టు బాకీ, స్థలపు అద్దె, లారీ బాడుగ తీర్చవలెను. ఊరిలో మాట పోగొట్టుకొన్నచో మరల ఆ ఊరిలో అడుగు పెట్టుట కష్టము.

విప్పుటకును వరుస కలదు. ముందుగా తీగలు, కప్పీలు, తరువాత తెరలు, ఆపైని రంగము, కడపట పైకప్పు. పై ఊరిలో మొదట కావలసినది పైకప్పు గనుక, ఇచ్చట చివర విప్పినదే లారీలో పైన ఉండి అచ్చట మొదట దిగును. ఈ విధముగా ఒక మకాము ముగింపులోనే మరియొకదాని ఆరంభము ఇమిడియున్నది.

జాత్రా నటునికిని సురభి నటునికిని గల ముఖ్యభేదము ఇచ్చటనే కనబడును. సురభిలో ప్రధానముగా కుటుంబమే సమాజము. కృష్ణ వేషము వేసిన బాలుడు పెరిగి అభిమన్యుడగును, ఆపై భీముడగును, వయసు మీరిన పిదప హార్మోనియము కడనో, తెర త్రాటి కడనో నిలుచును. మకాము తీరును కాని పని తీరదు. వేషము పోయినవానికి వేరొక పని దొరకును. ఇది వృద్ధులకు రక్ష. అయితే దీనికి మారు ముఖము కూడ ఉన్నది. కుటుంబమే యజమాని కాగా, విడిచిపోవుట సులభము కాదు. నెలకొక ఊరు మారు బాలునికి బడి చదువు నిలుకడగా సాగుట ఎట్లు? చదువు కోరిన బాలుడు ఆ జీవితమును విడువవలెను, లేదా ఆ జీవితమే ఒక చోట నిలువవలెను. సురభి చరిత్రలోని తరువాతి మలుపునకు ఇదియు ఒక కారణము.

5. విడిచిపోయిన పాక

మకాము ఎత్తివేసి పోయిన సమాజము ఊరికి ఏమి మిగుల్చును? దీనికి మన నాటక చరిత్రలోనే గొప్ప నిదర్శనము కలదు. 1880 ప్రాంతమున ధార్వాడ నాటక సమాజమువారు రాజమహేంద్రవరమునకు వచ్చి, పాక వేసి, కొంతకాలము నాటకములాడి, చాలించుకొని పోయిరి. పాక మాత్రము మిగిలెను. కందుకూరి వీరేశలింగము పంతులు తన విద్యార్థులను కూర్చి, ఆ పాకలోనే తాను రచించిన నాటకములను ఆడించెను. షేక్స్పియరు ప్రహసనమునకు అనుసరణమైన ‘చమత్కార రత్నావళి’ అందు ఒకటి. ఆధునిక తెలుగు నాటక ప్రదర్శన చరిత్రను ఈ ఘట్టముతో ఆరంభించుట మనకు పరిపాటి.

మనము సాధారణముగా ఈ కథలో వీరేశలింగమును చూతుము, పాకను చూడము. పరభాషా సమాజము ఒకటి తన పని ముగించుకొని, గుంజలు పెరుకక వెడలిపోవుటచే తెలుగు విద్యార్థులకు రంగము దొరకినది. ఆ సమాజమువారు తమ మకామును లాభనష్టముల లెక్కతోనే ముగించియుందురు. తాము విడిచిన పాకలో మరియొక భాషా నాటకము తొలి యడుగులు వేయునని వారు తలంచియుండరు.

6. కదలక నిలుచుటయే ముగింపు

పై మూడు పద్ధతులలోను ముగింపు అనగా విడిచిపోవుట. కాని సురభికి వచ్చిన అసలు ముగింపు అట్టిది కాదు. సినిమాలు, పిమ్మట టెలివిజను జనమును ఆకర్షించినవి. పట్టణములలో డేరా వేయదగిన ఖాళీ స్థలములు తగ్గినవి. అద్దెలు, బాడుగలు పెరిగినవి. ముందుగా పోయిన మనిషి స్థలము దొరకలేదని తిరిగివచ్చుట మొదలయ్యెను. పై ఊరు ఖాయము కానిదే ఈ ఊరు విడుచుట కుదరదు. కనుక మకాములు పొడిగినవి. ఒకప్పుడు ముప్పదికి పైబడిన సమాజములు వ్రేళ్ళపై లెక్కింపదగినన్ని అయినవి.

వానిలో ముఖ్యమైన శ్రీ వేంకటేశ్వర నాట్య మండలి హైదరాబాదులో స్థిరపడినది. నగరపు పబ్లిక్ గార్డెన్సులోని లలిత కళాతోరణ ప్రాంగణమున ఆ సమాజము బహుకాలము ప్రదర్శనలిచ్చినది. శేరిలింగంపల్లిలో, కేంద్రీయ విశ్వవిద్యాలయమునకు అనతిదూరమున, సురభి కాలనీ వెలసెను. 1990 తరువాతి దశాబ్దమున ప్రసిద్ధ దర్శకుడు బి. వి. కారంత్ ఈ నటులతో పనిచేసి ‘భీష్మ’, ‘చండీప్రియ’, ‘బస్తీ దేవత యాదమ్మ’ నాటకములను ప్రదర్శింపజేసెను. మండలికి నాయకుడైన రేకందారు నాగేశ్వరరావునకు, అనగా సురభి బాబ్జీకి, 2013లో పద్మశ్రీ లభించినది. ఆ యేడే సమాజము ఫ్రాన్సు దేశమందలి మెట్జ్ నగరమున ప్రదర్శనలిచ్చెను. బాబ్జీ 2022లో కీర్తిశేషుడయ్యెను.

కనుక సురభి నాటకము ముగిసినదనుట పొరపాటు. ముగిసినది సంచారము. అది ఏ రాత్రి ముగిసినదో చెప్పుట సాధ్యము కాదు. కడపటి ప్రదర్శనమని చాటింపు వేయలేదు; ఎవరును మంగళము పాడలేదు. ఒక మకామునుండి కదలక నిలిచిపోవుటయే ముగింపైనది. పిల్లలు బడికి పోసాగిరి, ఇండ్లు కట్టుకొనిరి. ఇది వారికి నష్టమని చెప్పుటకు మనకు అధికారము లేదు. నూరేండ్లకు పైగా డేరాలలో వానకు తడిసినవారికి ఇటుక గోడ కావలెననుట తప్పగునా? అయినను ఒకటి చెప్పక తప్పదు. తిరుగు సమాజమును ఊరూరి ప్రేక్షకుడు టిక్కెట్టుతో పోషించెను. స్థిరపడిన సమాజము ప్రభుత్వము యొక్కయు, సంస్థల యొక్కయు ఆదరణకై చూడవలెను. ఒక పోషకుడు ముఖము త్రిప్పినచో వెళ్ళుటకు పై ఊరు లేదు.

భారతదేశమున మరియొక సంచార సమాజపు ముగింపును దీనితో పోల్చవచ్చును. పృథ్వీరాజ్ కపూర్ 1944లో స్థాపించిన పృథ్వీ థియేటర్సు దేశమంతట తిరిగి, 1960లో మూతపడెను. ప్రదర్శనాంతమున ఆయన ద్వారము కడ జోలె పట్టి నిలిచి చందాలు స్వీకరించెడివాడు. ఆ సమాజము ఒక మహానటుని దేహముపై, కంఠముపై ఆధారపడినది. అవి అలసినప్పుడు ఆగినది. సురభి ఏ ఒక్కనిపైనను ఆధారపడలేదు. అందుచే ఏ ఒక్కనితోను ముగియలేదు.

7. ఉపసంహారము

ఇంతవరకు చెప్పినదానివలన సంచార నాటక వృత్తిలో ముగింపు నాలుగు విధములని తేలుచున్నది. కంట్రాక్టు నటునికి అది రాత్రికొకటి. జాత్రా నటునికి ఏడాదికొకటి. సురభి నటునికి మకామునకొకటి. సంచారమునకే వచ్చిన ముగింపు మాత్రము ఒక్కటే, అదియు నిశ్శబ్దముగా వచ్చినది. మొదటి మూడును వృత్తిలో భాగములు. వాని వెనుక మరల ఒక ఆరంభము ఉండును. నాలుగవదాని వెనుక అట్టి ఆరంభమును మనము కల్పింపవలసియున్నది.

పరిశోధకులు చేయదగిన పని ఇచ్చట కలదు. మకాముల వరుస, వసూళ్ళ పుస్తకములు, పచారీ బాకీల చీటీలు, తెరలు వ్రాసిన చిత్రకారుల వివరములు, లారీలో సామాను ఎక్కించు వరుస - ఇవి నాటక ప్రతులవలె ముద్రితములు కావు. వానిని ఎరిగిన వృద్ధులు జీవించియున్నప్పుడే అడిగి వ్రాసికొనవలెను. ఏ వేషము ఎవరు వేసిరో పత్రికలు చెప్పగలవు. డేరా ఏ గుంజనుండి విప్పవలెనో విప్పినవారే చెప్పగలరు.

షాలిమార్ యార్డులో ఒకప్పుడు సరకులు దిగెడివి, ఎక్కెడివి. నేడు ప్రయాణికులు దిగుచున్నారు, ఎక్కుచున్నారు. వాడుక మారినను పట్టాలు మారలేదు. చిత్పూరులో నేటికిని రథయాత్రనాడు బయానాలు పుచ్చుకొనుచున్నారు. తెలుగు సీమలో సంచారము ఆగినను, ఆ సంచారము నేర్పిన విద్య శేరిలింగంపల్లి ఇండ్లలో ఇంకను ఉన్నది. ధార్వాడవారి పాక ఖాళీగా ఉన్నప్పుడు రాజమహేంద్రవరమున దానిని గుర్తించి వాడుకొన్న ఉపాధ్యాయుడొకడు ఉండెను. సురభివారి పాక ఇంకను ఖాళీ కాలేదు. అది ఖాళీ కాకమునుపే మనము అచ్చటికి పోవుట మేలు.